అట్టలు కట్టిన బాలుడు

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరమున ఇంగ్లండులో ఒక కమ్మరి యింట జన్మించెను. బీదతనము వలన అతని బడిచదువు చదువను, వ్రాయను, కొలది లెక్కలు చేయను నేర్చుటతోనే ముగిసెను. పదునాలుగవ యేట అతడు లండనులో రీబో అను పుస్తకవర్తకుని యొద్ద పనికి కుదిరెను.

పుస్తకములు కుట్టి అట్టలు కట్టుట అతని పని. పని తీరిన పిమ్మట వానినే చదువుట అతని వేడుక. ఆ పుస్తకములు పరులవి. మరల చేతికి వచ్చునవి కావు. కావున నచ్చిన సంగతులను నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను. ఒక విజ్ఞానసర్వస్వమున విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని మనస్సును హరించెను. జేన్ మార్సెట్ అను విదుషి రచించిన గ్రంథము రసాయనశాస్త్రమున రుచి పుట్టించెను. చదివినదానిని ఊరక నమ్మక, వారమునకు కొలది పెన్నీలు వెచ్చించి ప్రయోగములు చేసి చూచుచుండెను.

1812లో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుని ఉపన్యాసములను విని, వానిని చక్కగా వ్రాసి, తానే అట్ట కట్టి ఆయనకు పంపెను. ఆ పుస్తకమే అతనికి సిఫారసు అయ్యెను. మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో డేవీకి సహాయకుడుగా చేరెను. 1831లో తీగచుట్టలో అయస్కాంతమును కదల్చి విద్యుత్తును పుట్టించెను. నేటి విద్యుత్కేంద్రములలోని జనరేటర్లు ఆ సూత్రము ననుసరించియే పనిచేయుచున్నవి.

1867లో ఫారడే మరణించెను. అతడు అట్టలు కట్టిన గ్రంథములు ఇతరుల యిండ్లకు చేరెను; అందలి విద్య మాత్రము అతని యొద్దనే నిలిచెను.