మంచుతో పయనించిన నాన్సెన్

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1861వ సంవత్సరమున నార్వే రాజధాని సమీపమున జన్మించెను. ప్రాణిశాస్త్రము నభ్యసించినను ఆయన మనస్సు మంచునేలలయందే లగ్నమై యుండెను. 1888లో ఐదుగురు సహచరులతో గ్రీన్‌లాండు మంచుపీఠమును దాటెను.

1881లో సైబీరియాకు ఉత్తరమున జానెట్ అను అమెరికా నౌక మంచులో నలిగి మునిగెను. దాని శిథిలములు మూడేండ్లకు గ్రీన్‌లాండు తీరమున దొరకెను. వానిని మోసికొని వచ్చిన దెవరు? సముద్రప్రవాహమే యని నాన్సెన్ నిశ్చయించెను. అట్లయిన మంచుతో పోరాడుట యేల? దానిచేతనే మోయించుకొనవచ్చును గదా! అనుభవజ్ఞు లనేకులు దీనిని వెఱ్ఱి యనిరి. ఆయన మాత్రము గుండ్రని అడుగుగల ఫ్రామ్ అను ఓడను కట్టించెను. మంచు నొక్కినకొలది అది పైకి లేచును. తడిసిన చింతగింజను వ్రేళ్లతో నొక్కిచూచిన బాలుర కీ యుపాయము సుబోధము.

1893 సెప్టెంబరులో మంచున చిక్కిన ఫ్రామ్ 1896 ఆగస్టులో విడివడెను. నడుమ నాన్సెన్ ఒక సహచరునితో కుక్కబండ్లపై ధ్రువమువైపు సాగి, 86 డిగ్రీల అక్షాంశము దాటి, మరలి వచ్చెను. లోక మీ సాహసమునే చెప్పుకొనును. నా దృష్టికి ఓడపై జరిగిన కొలతలే గొప్పవి.

లోతులేనిదని తలచిన ఆ సముద్రము 3,000 మీటర్లకు మించిన లోతుగలదని తేలెను. మంచు గాలి వీచు దిక్కున గాక కొంత కుడికి ఒరిగి సాగుచుండెను. భూభ్రమణమే దీనికి హేతువని నాన్సెన్ గ్రహింపగా, ఎక్‌మన్ అను యువకుడు గణితముతో నిరూపించెను. అన్నిటికంటె వింత యేమనగా, పైన చల్లని నీరు, సుమారు 200 మీటర్ల క్రింద అట్లాంటికు నుండి వచ్చిన వెచ్చని నీరు! వెచ్చనిదయ్యును ఉప్పదనము మెండగుటచే అది బరువై క్రిందనే యుండును. పైనున్న తేలికనీరు మూతవలె ఆ వేడిని మంచునకు తగులనీయదు. శీతకాలమున గ్రీన్‌లాండు సముద్రములో పైనీరు చల్లబడి బరువెక్కి అడుగునకు దిగుననియు ఆయన తరువాత వివరించెను.

యుద్ధానంతరము దేశములేని శరణార్థులకు ప్రయాణపత్రము లిప్పించి, 1922లో నోబెల్ శాంతిబహుమానము నందెను. 1930లో మరణించెను.

ఇప్పుడు భూమి వేడెక్కుచున్నది. బారెంట్సు సముద్రమునకు ఉత్తరమున ఆ మూత పలుచనై క్రింది వేడి మంచును తాకుచున్నది. గ్రీన్‌లాండు మంచు కరగి చేరు మంచినీరు ఉప్పునీటిని తేలికపఱచును. తేలికైన నీ రెట్లు మునుగును? అట్లాంటికు మహాప్రవాహ మీ శతాబ్దమున బలహీనపడునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. 2006లో తారా అను నౌక ఫ్రామ్ వలెనే మంచుతో సాగెను. ఫ్రామ్‌నకు మూడేండ్లు పట్టిన పయనము దానికి పదునాఱు నెలలలో ముగిసెను.