శుక్రుడి చుక్కను చూపి గ్రహాల దూరాలు చెప్పిన రఘునాథాచారి

1874 డిసెంబరు 9వ తేదీ ఉదయం సూర్యబింబం మీద ఒక నల్లని చుక్క మెల్లగా కదిలింది. సూర్యుడికీ భూమికీ సరిగ్గా నడుమకు వచ్చిన శుక్రగ్రహం అది. అంతకు ముందు అటువంటి సంఘటన జరిగి 105 సంవత్సరాలు దాటింది. లోకంలోని ప్రసిద్ధ వేధశాలలు ఆ కొద్ది గంటల కోసం ఏళ్ల తరబడి సన్నాహాలు చేసుకున్నాయి. అదే ఏడాది మద్రాసు వేధశాలలోని ఒక ఉద్యోగి మరో రకమైన సన్నాహం చేశారు. ఆ చుక్క ఏమిటో, ఎందుకు కనిపిస్తుందో, దాన్ని కొలిస్తే మనిషికి ఏం తెలుస్తుందో సామాన్య ప్రజలకు దేశభాషల్లో వివరించే పనికి పూనుకున్నారు. ఆయన పేరు చింతామణి రఘునాథాచారి.

గ్రహాల గురించి బహిరంగ సభలో ఉపన్యాసం అంటే నేటికీ జనం తరలివస్తారు. దూరదర్శిని పెడితే వీధి చివరి దాకా వరుస కడతారు. ఆ ఆకర్షణకు మూలం ఎక్కడుందో రఘునాథాచారి జీవితం చూస్తే అర్థమవుతుంది.

పంచాంగాల ఇంటి నుంచి వేధశాలకు

రఘునాథాచారి పంచాంగ గణన తెలిసిన కుటుంబంలో పుట్టారు. తిథి, వార, నక్షత్రాలు లెక్కగట్టడం ఆ ఇంటి విద్య. 1840ల్లో ఆయన మద్రాసు వేధశాలలో అతి చిన్న కొలువుతో చేరారు. మద్రాసు ఎగ్మోరులో విలియం పెట్రీ అనే అధికారి 1786లో సొంతంగా నెలకొల్పిన ఆ వేధశాలను కొద్ది సంవత్సరాలకే ఈస్టిండియా కంపెనీ స్వాధీనం చేసుకుంది. 1792లో నుంగంబాక్కంలో దానికి సొంత భవనం ఏర్పడింది. పరికరాన్ని నిలబెట్టేందుకు అక్కడ ప్రతిష్ఠించిన పదిహేను అడుగుల నల్లరాతి స్తంభంపై తమిళంతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. ఖగోళశాస్త్రం ఈ నేలపై ఎప్పుడు వేళ్లూనుకున్నదీ వెయ్యేళ్ల తరువాతి వారికి కూడా తెలియాలని దానిని రాయించినవారి ఉద్దేశం.

స్తంభంపై దేశభాషలు చోటు చేసుకున్నా, లోపలి విజ్ఞానం ఇంగ్లీషు గ్రంథాల్లోనే ఉండిపోయింది. ఆ గోడ దాటి దాన్ని బయటికి తెచ్చే పని ఆ తరువాత ఎనభై ఏళ్లకు రఘునాథాచారి వంతు అయింది.

1861లో నార్మన్ పాగ్సన్ ప్రభుత్వ ఖగోళవేత్తగా వచ్చేనాటికి రఘునాథాచారి పరిశీలనలో చేయి తిరిగిన మనిషి. తరువాత ఆయన పాగ్సన్‌కు ప్రథమ సహాయకుడయ్యారు. తారల స్థానాలను ఒక్కొక్కటిగా కొలిచి పట్టికకెక్కించడం వేధశాల ప్రధాన కార్యం. ఒక తార యామ్యోత్తర రేఖను ఏ క్షణాన దాటిందో చెవితో గడియారపు చప్పుడు లెక్కిస్తూ, కంటితో దూరదర్శినిలోని సన్నని దారాన్ని చూస్తూ గుర్తించాలి. రాత్రి వెంట రాత్రి, ఏడాది వెంట ఏడాది సాగే ఈ శ్రమలో పేరు ప్రతిష్ఠలకు తావు తక్కువ.

ఆ శ్రమలోంచే 1867లో ఒక ఆవిష్కారం వెలువడింది. దక్షిణాకాశంలోని రెటిక్యులం అనే చిన్న నక్షత్ర మండలంలో ఒక తార కాంతి నిలకడగా లేదని ఆయన గుర్తించారు. దాదాపు తొమ్మిది నెలలకు ఒకసారి వెలుగు పుంజుకొని, మళ్లీ మామూలు దూరదర్శినికి కూడా అందనంతగా మసకబారే ఆ తారను ఆర్ రెటిక్యులి అని పిలుస్తున్నారు. ఆధునిక కాలంలో ఒక భారతీయుడు కనుగొన్న తొలి చరకాంతి తారగా ఖగోళ చరిత్రకారులు దీనిని పేర్కొంటారు.

వనపర్తిలో సంపూర్ణ సూర్యగ్రహణం

మరుసటి సంవత్సరం ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో విడిది చేశారు. పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు అమర్చారు. మద్రాసు వేధశాల తరఫున రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లారు. ఆ రోజున సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వర్ణపటంలో కనిపించిన పసుపు గీత, అనంతర పరిశోధనల్లో హీలియం అనే మూలకాన్ని పట్టి ఇచ్చింది. భూమిపై దొరకక ముందే సూర్యుడిలో కనుగొన్న మూలకం అదే. ఆ పరిశోధనకు పునాది వేసిన పరిశీలనలు గుంటూరు, మచిలీపట్నాల్లో జరగడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. 1871 డిసెంబరు 12న సంపూర్ణ గ్రహణాన్ని చూసేందుకు ఆయన కోయంబత్తూరు ప్రాంతంలోని అవినాశికి వెళ్లారు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది.

లెక్కకూ చూపుకూ నడుమ దూరం

వేధశాలలో ఇంత పేరు తెచ్చుకున్నా ఆయనను వేధించిన సమస్య మాత్రం ఇంటి పంచాంగానిది. సూర్యసిద్ధాంతం ప్రకారం సంవత్సర పరిమాణం నిజమైన నాక్షత్ర సంవత్సరం కన్నా సుమారు మూడున్నర నిమిషాలు ఎక్కువ. ఏడాదికి అది లెక్కలోకి రాదు. వెయ్యేళ్లు గడిస్తే తేడా రెండు రోజులు దాటుతుంది. చంద్రుడి గతిలోనూ, గ్రహాల గతుల్లోనూ ఇటువంటి తేడాలే పేరుకుపోయాయి. పంచాంగంలో రాసిన వేళకు గ్రహణం పట్టకపోవడం, పత్రంపై ఒక చోట ఉన్న గ్రహం ఆకాశంలో మరొక చోట కనిపించడం ఆయన స్వయంగా చూశారు.

కంటికి కనిపించే దానితో లెక్క సరిపోవాలన్నది ఆయన వాదం. అందుకు ఆయన కొత్త శాస్త్రాన్ని అరువు తెచ్చుకోమని కోరలేదు. గణితాన్ని ఎప్పటికప్పుడు పరిశీలనతో సరిచూసుకోవాలన్న దృగ్గణిత సంప్రదాయం ఈ దేశంలోనే ఉందని గుర్తు చేశారు. ఆధునిక గణనల ఆధారంగా దృగ్గణిత పంచాంగాన్ని ప్రకటించారు. తాతల నాటి పద్ధతిని మార్చరాదన్న వర్గం దీన్ని అంగీకరించలేదు. పండుగ ఏ రోజు, శ్రాద్ధం ఏ తిథి అన్నది ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం కాబట్టి ఆ వివాదం పండితుల పరిషత్తులకు పరిమితం కాలేదు. దాన్ని తీర్చగలిగేది ఆకాశమే అని ఆయన నమ్మారు. ప్రజల ముందుకు వెళ్లాలన్న పట్టుదల ఆ నమ్మకంలోంచి పుట్టింది.

ఒక చుక్క, అన్ని గ్రహాల దూరాలు

శుక్ర సంక్రమణం ఆయనకు ఆ అవకాశం ఇచ్చింది. ఈ సంఘటనలు ఎనిమిదేళ్ల ఎడంతో జంటగా వస్తాయి. ఒక జంట వెళ్లాక మరో జంట రావడానికి వందేళ్లకు పైగా పడుతుంది. 1761, 1769 సంవత్సరాల తరువాత 1874, 1882లోనే శుక్రుడు సూర్యబింబాన్ని దాటాడు. వీటిలో 1882 నాటిది భారతదేశంలో కనిపించేది కాదు. అంటే ఆ తరం వారికి దక్కేది ఒక్క ఉదయమే.

ఆ సందర్భం కోసం రఘునాథాచారి శుక్ర సంక్రమణంపై ఒక చిన్న పుస్తకాన్ని రచించారు. అది ఇంగ్లీషు, కన్నడం, ఉర్దూ మొదలైన పలు భాషల్లో వెలువడింది. సాంప్రదాయిక సిద్ధాంతికీ, దూరదర్శిని చేతబట్టిన ఖగోళవేత్తకూ మధ్య సంభాషణగా విషయాన్ని నడిపారు. సిద్ధాంతికి కలిగే సందేహాలన్నీ పాఠకుడికి కలిగేవే. వాటిని పరిహసించకుండా, ఒక్కొక్క మెట్టుగా సమాధానం చెప్పడం ఆయన పద్ధతి.

చెప్పవలసిన విషయం చిన్నది కాదు. బొటనవేలిని ముఖానికి ఎదురుగా నిలిపి ఒక కన్నూ, తరువాత మరో కన్నూ మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. సిద్ధాంత గ్రంథాలు దీనిని లంబనం అంటాయి. భూమిపై ఎంతో ఎడంగా ఉన్న రెండు చోట్ల నుంచి చూసేవారికి సూర్యబింబంపై శుక్రుడు నడిచే దారి కూడా అలాగే కొంచెం జరుగుతుంది. ఆ తేడాను కొలిస్తే సూర్యుడికీ భూమికీ మధ్య దూరం తేలుతుంది. ఆ దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు.

అసలు విశేషం అక్కడి నుంచి మొదలవుతుంది. గ్రహాలు సూర్యుడిని ఎంత కాలంలో చుట్టి వస్తాయో తెలిస్తే వాటి దూరాల నిష్పత్తి తెలుస్తుందని కెప్లర్ చూపారు. భూమితో పోలిస్తే శని తొమ్మిదిన్నర రెట్లు, యురేనస్ పందొమ్మిది రెట్లు, నెప్ట్యూన్ ముప్పై రెట్లు దూరంలో ఉన్నాయి. నిష్పత్తులు ఉన్నాయి గానీ కొలబద్ద లేదు. శుక్రుడి చుక్క ఆ కొలబద్దను అందించింది. ఒక్క దూరం తేలితే నెప్ట్యూన్ దాకా అన్ని దూరాలూ ఒకేసారి తేలతాయి. నెప్ట్యూన్‌ను కనుగొన్నది 1846లోనే. నవగ్రహాల్లో దానికి స్థానం లేదు, మామూలు కంటికి అది అందదు. అంత దూరపు లోకం ఎంత దూరమో చెప్పగల కొలత, సూర్యబింబంలో ముప్పయ్యో వంతు వెడల్పు కూడా లేని ఒక చుక్కలో దాగి ఉంది.

అదే 1874లో, ఏప్రిల్ నెలలో మద్రాసులోని పచ్చయప్ప విద్యాసంస్థ మందిరంలో ఆయన బహిరంగ ఉపన్యాసం చేశారు. భారతీయులు పరిశీలనలో శిక్షణ పొందేందుకు ఒక ఆధునిక వేధశాల కావాలని, దానికి ప్రజలే అండగా నిలవాలని అందులో కోరారు. విన్నది చూసి తెలుసుకోగలిగిన చోటు ఒకటి ఉండాలన్నదే ఆయన తపన.

విశాఖలో మరో దూరదర్శిని

ఆయన కోరినటువంటి ప్రయత్నం తెలుగు తీరంలో అప్పటికే ఒకటి సాగుతూ ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840ల ఆరంభంలో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. ఆయన మద్రాసు వేధశాలలో విద్య నేర్చిన జమీందారు. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని కొనసాగించారు. 1874 డిసెంబరు 9న శుక్ర సంక్రమణాన్ని నర్సింగరావు విశాఖ నుంచే పరిశీలించి, ఆ వివరాలను లండన్ సొసైటీకి అందజేశారు.

ఆకాశం అందరి పట్లా అంత దయగా ఉండదు. 1761లో సముద్రంపై చిక్కుకుపోయి పరిశీలన చేజార్చుకున్న ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంటీ, ఎనిమిదేళ్లు వేచి ఉండి 1769లో పుదుచ్చేరిలో సిద్ధమైతే, సరిగ్గా ఆ వేళకు మబ్బులు కమ్మాయి. ఖగోళ ఉపన్యాసకుడు ఎప్పుడూ ఈ ప్రమాదాన్ని తలపై మోస్తాడు. ఫలానా రోజున, ఫలానా వేళకు, ఫలానా చోట చూడండి అని చెప్పినవాడి మాట నిజమో కాదో తేల్చుకునేందుకు వినేవారికి పాండిత్యం అక్కరలేదు. మబ్బు లేని ఆకాశం ఉంటే చాలు. వక్త తన మాటను శ్రోత కంటికి అప్పగించడంలోనే ఈ ఉపన్యాసాల బలం ఉంది. రఘునాథాచారి పంచాంగ వాదంలోనూ ఉన్నది ఈ సూత్రమే.

నెరవేరని కోరిక, నెరవేరిన వాదం

రఘునాథాచారి 1880 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. ఆయన కోరిన ప్రజా వేధశాల ఆయన జీవితకాలంలో రూపుదాల్చలేదు. మద్రాసు వేధశాల ఖగోళ కార్యక్రమం 1899లో కొడైకెనాల్‌కు తరలిపోయింది. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ ప్రారంభించిన వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, తారల పట్టికల అంతర్జాతీయ కార్యంలో పాలుపంచుకుంది. పరిశీలనతో సరిపోలే పంచాంగం కావాలన్న వాదానికి స్వతంత్ర భారతంలో ప్రభుత్వ ఆమోదం లభించింది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సూచనల మేరకు 1957లో జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది.

1985లో హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటోరియం ప్రారంభమయ్యాక తెలుగు పిల్లలు గుమ్మటం కింద కూర్చుని గ్రహాల కథలు వినడం అలవాటైంది. 2004 జూన్ 8న, మళ్లీ 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబాన్ని దాటినప్పుడు దేశమంతటా బడి పిల్లలు ప్రత్యేకమైన కళ్లద్దాలతో ఆ చుక్కను చూశారు.

నేటి ఖగోళ ఉపన్యాసాలు సౌరకుటుంబాన్ని దాటిపోయాయి. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే అయిదు వేలకు పైగా గ్రహాలు ఇప్పుడు తెలుసు. వాటిలో అత్యధికం, తమ నక్షత్రం ముందు నుంచి సాగిపోతూ దాని కాంతిని కొద్దిగా తగ్గించినప్పుడు బయటపడినవే. శుక్రుడు సూర్యుడి ముందు చేసిన పనినే అవి తమ తమ సూర్యుల ముందు చేస్తున్నాయి. రఘునాథాచారి తన పాఠకులకు వివరించిన దృశ్యం ఇప్పుడు కొత్త లోకాలను వెతికే ప్రధాన సాధనమైంది.

శుక్రుడు సూర్యబింబాన్ని మళ్లీ దాటేది 2117 డిసెంబరులో. ఈనాడు జీవించి ఉన్నవారిలో దానిని చూడగలిగేవారు అరుదు. అయినా ఆ తేదీ ఇప్పటికే పట్టికల్లో ఉంది. చూపుతో సరిచూసిన గణితం ఎంత ముందుకు చూడగలదో చెప్పడానికి అంతకన్నా నిదర్శనం అక్కరలేదు.