మందు ఇంటికొచ్చింది... మరి తోడెవరు?

కపుర్తలా రాజవంశపు బిడ్డ. ఇంగ్లండులో చదువు. ఇంకేం, పట్టుచీరలు, విందులతో గడిచిపోవాల్సిన జీవితమే! కానీ రాజకుమారి అమృత్ కౌర్ ఖద్దరు కట్టారు. పదహారేళ్లపాటు గాంధీజీకి కార్యదర్శిగా పనిచేశారు. జైలుకూ వెళ్లారు. పరదా, బాల్యవివాహాల మీద గట్టిగా పోరాడారు. పెళ్లి మాటే తలపెట్టలేదు.

1947లో స్వతంత్ర భారతానికి తొలి ఆరోగ్యమంత్రి అయ్యారు. పదేళ్లు ఆ బాధ్యత మోశారు. ఢిల్లీ ఎయిమ్స్ ఆమె పట్టుదల ఫలితమే.

అప్పట్లో క్షయ అంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవడమే. డబ్బున్నవాళ్లు శానిటోరియానికి వెళ్లేవారు. లేనివాళ్లు? ఇంట్లో ఓ మూల చాపేసుకుని దగ్గుతూ పడుండేవారు. ఆమె హయాంలోనే, 1948లో, మన మదనపల్లెలో బీసీజీ టీకా మొదలైంది. 1956లో మద్రాసులో క్షయ పరిశోధన కేంద్రం వెలిసింది.

ఆ కేంద్రం డాక్టర్లు 193 మంది పేద రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శానిటోరియంలో మంచం, మంచి తిండి, విశ్రాంతి. రెండో జట్టుకు ఇరుకిళ్లలోనే మాత్రలు. ఏడాది తిరిగాక చూస్తే రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి! 1959లో ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. ఇల్లూ పిల్లల్నీ వదిలి వెళ్లలేని తల్లులకు ఇది ఎంత పెద్ద వరమో వేరే చెప్పాలా?

అయితే ఒక చిక్కొచ్చింది. ఇంటికిచ్చిన మాత్రలు అందరూ మింగుతున్నారా? డాక్టర్లు మూత్రపరీక్షలు చేశారు. చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి చూశారు. దగ్గు తగ్గగానే మానేసేవారు కొందరు. అందుకే సిబ్బంది కళ్లెదుటే మందు వేయించే పద్ధతిని అక్కడే పరీక్షించారు. 1997 నుంచి దేశంలో అమలైన 'డాట్స్'కు పునాది అదే.

అమృత్ కౌర్ 1964 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. సిమ్లాలోని తన ఇంటిని ఎయిమ్స్‌కు ఇచ్చేశారు.

ఇప్పుడు పరిశోధకుల దృష్టి కాపలా కాయడం మీద కంటే తోడుండడం మీదే ఎక్కువ. ఫోనులో గుర్తుచేయడం, మూత తీస్తే నమోదయ్యే మందుల పెట్టె, ఇంట్లోవాళ్లకే బాధ్యత అప్పగించడం... ఇలా ఎన్నో ప్రయత్నాలు. తిండి కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చింది. 2024 నవంబరులో దాన్ని వెయ్యి చేసింది.

తిరువూరులో టీబీ వచ్చినామె ఈరోజు మదనపల్లెకో మద్రాసుకో పరుగెత్తక్కర్లేదు. మామూలు టీబీకి ఆరు నెలల మందు. రెండో నెలకే ఒళ్లు తేలికపడుతుంది. అసలు గండం అక్కడే! మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, మందులకు లొంగకుండా మొండికేయొచ్చు. అత్తింట్లో ఏమంటారోనని మాత్రలు దాచుకుని మింగే కోడళ్లు, చివరికి మానేసేవాళ్లు మన చుట్టూ లేరా? అలాంటామె పక్కన కూర్చుని, రోజూ మాత్రతో పాటు ఓ గ్లాసు నీళ్లందించే మనిషి కావాలి. ఆ మనిషి మనమే ఎందుకు కాకూడదు?