రాజుగారి భగందరం

ఫ్రాన్స్‌ను 72 ఏళ్లు ఏలిన 14వ లూయీ 1638లో పుట్టాడు. అయిదేళ్లు నిండకముందే, 1643లో రాజయ్యాడు. ఆయన చేసిన యుద్ధాలు, కట్టించిన వర్సాయ్ భవనం గురించి అందరికీ తెలుసు. 47 ఏళ్ల వయసులో అంతటి రాజును సరిగ్గా కూర్చోనీయకుండా చేసింది మలద్వారం దగ్గర లేచిన ఒక చిన్న గడ్డ.

అది 1686 జనవరి. గడ్డ కాస్తా భగందరంగా, అంటే ఫిస్ట్యులాగా మారింది. మలద్వారం లోపలి నుంచి పక్కనున్న చర్మం దాకా చిన్న సొరంగంలా దారి పడి, చీము కారుతూ ఉంటుంది. ఆస్థాన వైద్యులు లేపనాలు, పట్టీలతో నెలలు గడిపారు. మా ఓపీలోనూ ఇదే తంతు. మొలలేలే అనుకుని, సిగ్గుపడి, ఊళ్లో దొరికిన మందల్లా రాసి చివరికి వస్తారు.

కోయక తప్పదని తేలాక ఆ పని శస్త్రవైద్యుడు ఫెలిక్స్ మీద పడింది. ఆయన ముందుగా ఇదే జబ్బున్న పేద రోగుల మీద నెలల తరబడి చేయి సాధన చేసుకున్నాడు. వంపు తిరిగిన ప్రత్యేకమైన కత్తి తయారు చేయించుకున్నాడు. తర్వాత ఆయనకు డబ్బు, హోదా దక్కాయి. ఆ పేదలు ఏమయ్యారో అడిగినవాళ్లు లేరు.

1686 నవంబరు 18 ఉదయం వర్సాయ్‌లో ఆపరేషన్ జరిగింది. మత్తుమందు రావడానికి ఇంకా 160 ఏళ్లుంది. రాజు ఓర్చుకున్నాడు, అదే రోజు రాచకార్యాలూ చూశాడు. పుండు సరిగా మానకపోవడంతో డిసెంబరులో మళ్లీ కోయాల్సి వచ్చింది. 1687 మొదట్లో కోలుకున్నాడు.

కోత కన్నా పెద్ద గండం వేరే ఉంది. మలాన్ని, గ్యాస్‌ను పట్టి ఉంచే స్ఫింక్టర్ కండరం గుండానే చాలాసార్లు ఆ సొరంగం వెళ్తుంది. కండరం ఎక్కువగా తెగితే పట్టు పోతుంది. లూయీ ఆ తర్వాత 1691లో మాన్స్, 1692లో నామూర్ ముట్టడులకు స్వయంగా వెళ్లాడు. 1715 దాకా, దాదాపు 77 ఏళ్లు బతికాడు. పట్టు బాగా దెబ్బతిన్న మనిషి సైనిక శిబిరాల్లో అలా గడపగలడని నేననుకోను.

ఇప్పుడు సొరంగం లోతుగా ఉందనిపిస్తే ముందే ఎంఆర్ఐ తీసి, కండరం ఎంత కలిసిందో చూస్తాం. ఎక్కువగా ఉంటే కోయకుండా దారం వేసి ఉంచడం లాంటి పద్ధతులున్నాయి. ఫిషర్ అయితే పీచు పదార్థాలు, గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, పూత మందులతోనే చాలామందికి మానుతుంది. మానకపోతే లోపలి స్ఫింక్టర్‌ను కొద్దిగా కోస్తారు. నొప్పి పోయి ప్రాణం తెరిపిన పడుతుంది గానీ, కొందరికి గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది. ఎక్కువమందిలో అది తాత్కాలికమే. కాన్పులో చిరుగులు పడిన స్త్రీలు, ఇంతకుముందు అక్కడ ఆపరేషన్ అయినవాళ్లు ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. కండరం ఎంత కోస్తారో సంతకం పెట్టేముందు అడగండి.

ఆపరేషన్ తర్వాత లోదుస్తులకు మరకలవుతున్నా చెప్పక, పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ వెళ్లడం మానుకున్నవాళ్లను చూశాను. మలం పలచబడకుండా చూసుకుని, మలద్వారాన్ని బిగపట్టి వదిలే వ్యాయామాలు చేస్తే వీళ్లలో చాలామందికి మెరుగవుతుంది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నొప్పితో పాటు దీన్నీ చెప్పండి.