పబ్బులో పెరిగిన గొంతు: ల్యూక్ కెల్లీ

పబ్ అనగానే మనకి గుర్తొచ్చేది జూబ్లీహిల్స్. చెవులు పగిలే డీజే, గేటు దగ్గర బౌన్సర్లు, పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. అక్కడ పబ్ అంటే పేటలోవాళ్ళు సాయంత్రం కలుసుకునే చోటు. ఒక మూల నలుగురు కూర్చుని ఫిడేలు, బాంజో వాయిస్తుంటారు. స్టేజీ ఉండదు, చాలాచోట్ల మైకు కూడా ఉండదు. పాట వచ్చినవాళ్ళు ఎవరైనా అందుకోవచ్చు. దేవుడి సంగతి, బీరు సంగతి పక్కన పెడితే, మా ఊరి రామాలయంలో భజన కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. అలాంటి రాత్రుల్లోంచి వచ్చినవాడే ల్యూక్ కెల్లీ.

1940 నవంబర్ 17న డబ్లిన్ రేవు పక్కన, షెరిఫ్ స్ట్రీట్ ప్రాంతంలో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. తండ్రి జేకబ్స్ బిస్కెట్ ఫ్యాక్టరీలో కార్మికుడు. ల్యూక్ పదమూడేళ్ళకే బడి మానేశాడు. చిన్నాచితకా పనులు చేసి, 1958లో ఇంగ్లాండ్ వెళ్ళాడు. ఇప్పుడు మనవాళ్ళు గల్ఫ్‌కి వెళ్తున్నట్టే అప్పట్లో ఐరిష్ కుర్రాళ్ళు కూలిపని కోసం ఇంగ్లాండ్ వెళ్ళేవాళ్ళు. అన్నతో కలిసి బిల్డింగ్ పనిలో చేరాడు. కూలి పెంచమని అడిగినందుకు తీసేశారని చెప్తారు.

1960లో న్యూకాజిల్ ఊళ్ళో బ్రిడ్జ్ హోటల్ అనే పబ్‌లో మొదటిసారి జానపద పాటల క్లబ్ చూశాడు. గని కార్మికుల పాటలు, నావికుల పాటలు, సమ్మె పాటలు అక్కడ విన్నాడు. తనలాంటి వాళ్ళ బతుకు కూడా పాటకి పనికొస్తుందని అతనికి అక్కడే తెలిసి ఉంటుందని నాకనిపిస్తుంది. బాంజో పట్టుకున్నాడు, పాటలు పోగేశాడు, పుస్తకాలు తెగ చదివాడు. బడి ఇవ్వని చదువు అతనికి ఆ పబ్బులే ఇచ్చాయి.

1962లో డబ్లిన్ తిరిగొచ్చాడు. మెరియన్ రోలో ఓడొనహ్యూస్ అని ఒక పబ్ ఉంది, ఇప్పటికీ ఉంది. రానీ డ్రూ, బార్నీ మెకెన్నా, కియరన్ బుర్క్ అక్కడ పాడుతూ వాయిస్తుండేవాళ్ళు. ల్యూక్ వాళ్ళతో కలిశాడు. మొదట్లో ఆ బృందానికి రానీ డ్రూ పేరే ఉండేది. ఆ పేరు రానీకి నచ్చలేదు. అప్పుడు ల్యూక్ చదువుతున్న జేమ్స్ జాయిస్ కథల పుస్తకం పేరే బృందానికి పెట్టుకున్నారు: ద డబ్లినర్స్. 1967లో వాళ్ళు పాడిన ఒక తాగుబోతు పాటని ఐర్లండ్ ప్రభుత్వ రేడియో నిషేధించింది. అదే పాట బ్రిటన్ చార్టుల్లో 7వ స్థానానికి చేరింది!

ఎర్రటి ఉంగరాల జుట్టు, గడ్డం, గది చివరిదాకా వినిపించే గొంతు. అదీ ల్యూక్. కానీ అతని గొప్పతనం గొంతు పెద్దది కావడంలోనే లేదు. కవి పాట్రిక్ కావనా ఒకరోజు బెయిలీ అనే పబ్‌లో ల్యూక్‌ని కలిసి, తను రాసిన రాగ్లన్ రోడ్ ప్రేమకవితని పాడమని ఇచ్చాడు. పాత ఐరిష్ బాణీలో ల్యూక్ దాన్ని పాడాడు. ఇవాళ ఆ కవిత చాలామందికి అతని గొంతులోనే తెలుసు. ఫిల్ కూల్టర్ అనే రచయిత డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన తన కొడుకు గురించి ఒక పాట రాశాడు. దాన్ని ల్యూక్ రికార్డ్ చేశాడు కానీ, గోలగా ఉండే కచేరీల్లో దాదాపు పాడేవాడే కాదట. ఏ పాట పదిమందితో కలిసి అరవడానికి, ఏ పాట నిశ్శబ్దంగా వినడానికి అన్నది అతనికి తెలుసు. రోజూ మనుషుల మధ్య కూర్చుని పాడితేనే ఆ తెలివిడి వస్తుందనుకుంటా.

1980లో కార్క్ ఒపేరా హౌస్‌లో పాడుతూ స్టేజీ మీదే పడిపోయాడు. అప్పటికే కొంతకాలంగా తలనొప్పులు, మతిమరుపు ఉన్నాయి. మెదడులో కణితి అని తేలింది. ఆపరేషన్ చేశారు. కాస్త కోలుకోగానే మళ్ళీ బృందంతో పాడాడు. పాటలే ప్రాణమైనవాడికి మతిమరుపు ఎంత నరకమో ఊహించడానికే కష్టంగా ఉంది. 1984 జనవరి 30న చనిపోయాడు. అప్పటికి వయసు 43.

గ్లాస్నెవిన్ శ్మశానంలో అతని సమాధి రాయి మీద పేరుతో పాటు, ఇతను డబ్లిన్‌వాడు అని చెప్పే ఒక్క మాట ఉంటుంది. 2019లో, చనిపోయిన 35 ఏళ్ళకి, ఆ ఊరు ఒకే రోజు అతనికి రెండు విగ్రహాలు పెట్టింది.

మన ఫెస్ట్‌లకి బ్యాండ్‌లని పిలుస్తాం, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తాం. అదీ బానే ఉంటుంది. కానీ మన హాస్టల్లో పాడగలిగిన వాళ్ళు ఎంతమందో మనకే తెలీదు, ఎందుకంటే అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్సే. ల్యూక్‌కి దొరికింది పెద్ద వేదిక కాదు. వినే మనుషులున్న ఒక చిన్న గది. అలాంటి గదులు మన దగ్గర బోలెడున్నాయి.