లంకసీమ నుండి లోక్‌సభకు

ధవళేశ్వరం దాటిన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ మరో పాయగా విడివడుతుంది. ఈ పాయల నడుమ, మూడు వైపుల నదీజలాలూ ఒక వైపు సముద్రమూ చుట్టుకొని ఉన్న పచ్చని నేల కోనసీమ. కొబ్బరి తోటలకు, వరి చేలకు, వేదవిద్యకు, కళలకు పుట్టినిల్లుగా అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు పేరు పొందాయి. అయితే ఈ సీమకు నీరు వరమైనట్లే ఒకప్పుడు అడ్డుగోడగానూ ఉండేది. వైద్యానికైనా, కోర్టు పనికైనా, పెద్ద చదువుకైనా రేవు దాటక తప్పేది కాదు. వరద పోటెత్తితే పడవ కదలదు, పంటు నడవదు. అవతలి ఒడ్డు కళ్ళెదుటే కనిపిస్తున్నా చేరుకోలేని దూరమై నిలిచేది.

ఏ ఊరికి బడి రావాలి, ఏ రేవు మీద వంతెన కట్టాలి, ఏ పనికి ప్రజాధనం ముందుగా వెచ్చించాలి అనే నిర్ణయాలు ఎవరు చేయాలి? రాచరికంలో రాజు, వలస పాలనలో దొర ఆ నిర్ణయాలు చేసేవారు. ప్రజాస్వామ్యంలో ఆ అధికారం ప్రజలది. లంకసీమలోని ఒక చిన్న పల్లెలో పుట్టి, సహకార సంఘం నుండి జిల్లా పరిషత్తుకు, జిల్లా పరిషత్తు నుండి పార్లమెంటుకు ఎదిగి, లోక్‌సభాపతి పీఠాన్ని అధిష్ఠించిన గంటి మోహనచంద్ర బాలయోగి జీవితం ఈ సత్యానికి చక్కని నిదర్శనం.

అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో, గౌతమీ తీరాన, యానానికి ఎదుటి ఒడ్డున ఎదుర్లంక గ్రామం ఉండేది. అక్కడ ఒక దళిత వ్యవసాయ కుటుంబంలో 1951 అక్టోబరు 1న బాలయోగి జన్మించారు. భారత రాజ్యాంగం అమలులోకి వచ్చి అప్పటికి రెండేళ్ళయినా నిండలేదు. స్వతంత్ర భారతదేశపు తొలి సార్వత్రిక ఎన్నికలలో మొదటి ఓటు పడినది ఆ నెల 25వ తేదీననే. చదువు, ఆస్తి, కులం, లింగ భేదం లేకుండా వయోజనులందరికీ ఓటుహక్కు కల్పించిన ఆ మహాప్రయోగమూ, ఆ ప్రయోగం ఫలించగా సభాపతి కాబోయిన ఆ శిశువూ ఒకే నెలలో కళ్ళు తెరిచాయనవచ్చు.

బాలయోగి ప్రాథమిక విద్య కోసం సొంత ఊరు విడిచి గుత్తెనదీవికి వెళ్ళవలసి వచ్చింది. తరువాత కాకినాడలో పట్టభద్రులయ్యారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్యను, న్యాయశాస్త్రాన్ని అభ్యసించారు. నేటి విద్యార్థికి ఇది సామాన్యమైన విద్యాక్రమంగా తోచవచ్చు. కాని తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచబడిన వర్గంలో, రేవు దాటనిదే పట్నం ముఖం చూడలేని పల్లెలో పుట్టిన బాలునికి అందులోని ప్రతి మెట్టూ ఒక కొండ. ఆ కొండలను ఆయన చదువే ఊతకర్రగా ఎక్కారు.

1980లో బాలయోగి కాకినాడలో న్యాయవాద వృత్తిని ప్రారంభించారు. 1985లో ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. ఒక పేద గ్రామీణ కుటుంబానికి అంతకుమించిన గౌరవం, భద్రత ఏముంటాయి? అయినా కొద్దికాలంలోనే ఆ పదవికి రాజీనామా చేసి తిరిగి న్యాయవాద వృత్తిలోకి వచ్చారు. న్యాయాధికారిగా ఉన్నవారు ప్రజాజీవితంలో పాల్గొనే వీలు లేదు. ఆ ఉద్యోగాన్ని వదులుకోవడంతో ఆయనకు ప్రజాసేవ వైపు దారి తెరుచుకుంది. 1986లో కాకినాడ సహకార పట్టణ బ్యాంకు ఉపాధ్యక్షునిగా ఎన్నికయ్యారు. సభ్యులే యజమానులై, సభ్యులే తమ పాలకవర్గాన్ని ఎన్నుకొనే సహకార వ్యవస్థ ఆయనకు ప్రజాపాలనలో తొలి పాఠశాల అయింది.

అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక పాలన కొత్త రూపు దాల్చింది. 1986లో చేసిన చట్టం వలన 330 పంచాయతీ సమితుల స్థానంలో వేయికి పైగా మండలాలు ఏర్పడ్డాయి. కార్యాలయాలు పల్లెలకు చేరువయ్యాయి. వెనుకబడిన వర్గాలకు, మహిళలకు పదవులలో స్థానాలు కేటాయించబడ్డాయి. మండలాధ్యక్షులను, జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకొనే విధానం వచ్చింది. 1987లో జరిగిన ఆ ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ అభ్యర్థిగా బాలయోగి తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షులయ్యారు. బడి, బాట, తాగునీరు - పల్లె బతుకును నిర్ణయించే ఈ మూడింటితోనూ జిల్లా పరిషత్తుకు సంబంధం ఉంటుంది. చదువు కోసం పొరుగూరికి వెళ్ళిన బాలుడే జిల్లాలోని బడుల బాగోగులు చూసే స్థానానికి చేరుకోవడం ప్రజాస్వామ్యం వలననే సాధ్యమైంది.

1991లో బాలయోగి అమలాపురం నియోజకవర్గం నుండి పదవ లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ సభయే 1992 డిసెంబరులో 73వ రాజ్యాంగ సవరణ బిల్లును ఆమోదించింది. గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించి, అయిదేళ్ళకొకసారి పంచాయతీ ఎన్నికలను తప్పనిసరి చేసి, మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలను మహిళలకు కేటాయించిన సవరణ అది. జిల్లా పరిషత్తును నడిపిన వ్యక్తి ఆ చరిత్రాత్మక సభలో సభ్యునిగా ఉండడం విశేషం.

ఆ అయిదేళ్ళు కోనసీమకు సులువుగా గడవలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు సంస్థ తవ్వుతున్న బావి నుండి వాయువు ఎగదన్ని మంటలు చెలరేగాయి. వాటిని అదుపు చేయడానికి 65 రోజులు పట్టింది. కాళ్ళ కింది నేలలో ఇంధన సంపద ఉన్నంత మాత్రాన ఆ నేల మీది ప్రజలకు క్షేమం కలగదనీ, తమ ప్రాంతంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకొనే హక్కు, తమ గోడు చెప్పుకొనే వేదిక ప్రజలకు ఉండాలనీ ఆ అగ్నిజ్వాలలు తెలియజెప్పాయి. మరుసటి సంవత్సరం నవంబరు 6న వచ్చిన పెనుతుఫాను కోనసీమను చావుదెబ్బ తీసింది. వందలాది ప్రాణాలు పోయాయి. కొబ్బరి చెట్లు కూకటివేళ్ళతో కూలిపోయాయి. ఏళ్ళ తరబడి పెంచుకున్న తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి.

1996 లోక్‌సభ ఎన్నికలలో బాలయోగి ఓడిపోయారు. ప్రజాస్వామ్యంలో ఓటమి కూడా ప్రజల మాటే. గెలుపును ఎంత వినయంతో స్వీకరించాలో, ఓటమిని అంత మర్యాదతో శిరసావహించాలి. ఆయన ప్రజాక్షేత్రాన్ని విడిచిపెట్టలేదు. ఆ ఏటి ఉపఎన్నికలో ముమ్మిడివరం నుండి రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశారు. 1998లో అమలాపురం ప్రజలు ఆయనను మళ్ళీ లోక్‌సభకు పంపారు.

ఆ ఎన్నికలలో ఏ పార్టీకీ పూర్తి ఆధిక్యం లభించలేదు. పలు పార్టీల మద్దతుతో అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రభుత్వం ఏర్పడింది. 1998 మార్చి 24న బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. పార్లమెంటులో ఆయన అనుభవం అంతకుముందు ఒక్క సభాకాలం మాత్రమే. ఆ పీఠాన్ని అధిష్ఠించిన తొలి దళితుడు ఆయనే. రాష్ట్రపతి స్థానంలో కె.ఆర్. నారాయణన్, లోక్‌సభాపతి స్థానంలో బాలయోగి ఉన్న ఆ కాలంలో దేశపు అత్యున్నత పదవులు రెండింటిని దళిత వర్గానికి చెందినవారు అలంకరించారు.

సభాపతి బాధ్యత కత్తిమీద సాము వంటిది. ఒక పార్టీ తరఫున గెలిచి వచ్చినా, పీఠమెక్కిన క్షణం నుండి ఆయన అన్ని పక్షాలవాడు. అందరి మాటా వినాలి, అందరికీ మాట్లాడే అవకాశమివ్వాలి. మహాభారతంలో నిండు కొలువులో ద్రౌపది వేసిన ప్రశ్నకు పెద్దలు బదులివ్వక తలలు వంచుకున్నారు. ప్రశ్నకు జవాబు దొరకని సభ ఎంతటి అనర్థానికి దారితీస్తుందో ఆ కథ చెబుతుంది. నేటి శాసనసభలలో ప్రశ్నోత్తరాల సమయాన్ని ఏర్పరచడంలోని అంతరార్థం కూడా ఇదే. సభ్యుడు అడిగే ప్రశ్న అతనొక్కడిది కాదు. అతని వెనుక లక్షలాది ఓటర్లున్నారు. ఆ ప్రశ్నకు దారి చూపేవాడు సభాపతి. చెరగని చిరునవ్వుతో, మృదువైన మాటతో బాలయోగి ఆ భారాన్ని మోశారు.

ఆయన సహనానికి, నిష్పక్షపాతానికి అసలైన పరీక్ష 1999 ఏప్రిల్ 17న ఎదురైంది. ఆనాడు వాజ్‌పేయి ప్రభుత్వంపై విశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. ఒరిస్సా ముఖ్యమంత్రిగా పదవీ స్వీకారం చేసినా లోక్‌సభ సభ్యత్వానికి ఇంకా రాజీనామా చేయని గిరిధర్ గమాంగ్ ఓటు వేయడానికి సభకు వచ్చారు. ఆయన ఓటు చెల్లుతుందా అనే వివాదం రేగింది. చట్టప్రకారం ఆయన ఇంకా సభ్యుడే. బాలయోగి ఆ విషయాన్ని గమాంగ్ అంతరాత్మకే విడిచిపెట్టారు. తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ గమనించవలసిన లెక్క ఒకటున్నది. స్పీకరు మొదట ఓటు వేయరాదు. ఇరుపక్షాల ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే నిర్ణాయక ఓటు వేయాలని రాజ్యాంగంలోని 100వ అధికరణం చెబుతుంది. వ్యతిరేకంగా పడిన ఆ ఒక్క ఓటు లేకపోతే ఇరువైపులా 269 ఓట్లు నిలిచేవి. అప్పుడు ప్రభుత్వం ఉండాలో పోవాలో తేల్చే అధికారం బాలయోగి చేతికే వచ్చేది. ఆయన పార్టీ ఆనాడు ప్రభుత్వానికి అనుకూలంగా ఓటు వేసిన పార్టీ. అయినా ఆయన ఒక సభ్యుని హక్కును అడ్డుకోలేదు. ఆ నిర్ణయంపై తరువాత ఎన్నో చర్చలు జరిగాయి. దాన్ని మెచ్చినవారూ ఉన్నారు, విమర్శించినవారూ ఉన్నారు. అయితే అందివచ్చే అధికారం కోసం పీఠం మర్యాదను పణంగా పెట్టలేదన్నది మాత్రం ఆ సంఖ్యలే చెబుతాయి.

1999 ఎన్నికలలో బాలయోగి మళ్ళీ గెలిచారు. అక్టోబరు 22న సభ ఆయనను ఏకగ్రీవంగా స్పీకరుగా ఎన్నుకున్నది. తొలిసారి పోటీ నడుమ లభించిన పీఠం రెండవసారి అన్ని పక్షాల సమ్మతితో లభించింది. 2000 మే నెలలో ఆయన లోక్‌సభలో తొలిసారిగా నైతిక విలువల కమిటీని నియమించారు. సభలలో క్రమశిక్షణ, హుందాతనం సన్నగిల్లుతున్నాయన్న ఆవేదనతో 2001 నవంబరు 25న ఢిల్లీలో జరిగిన సదస్సులో దేశంలోని సభాపతులు, ముఖ్యమంత్రులు, వివిధ పక్షాల నాయకులు పాల్గొన్నారు. సభ్యులకు ప్రవర్తనా నియమావళి ఉండాలని ఆ సదస్సు తీర్మానించింది. కొద్ది రోజులకే, డిసెంబరు 13న, పార్లమెంటు భవనంపై ఉగ్రవాదులు దాడి చేశారు. భద్రతా సిబ్బంది ప్రాణాలొడ్డి ఆ ప్రజాసౌధాన్ని కాపాడారు.

2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో జరిగిన హెలికాప్టరు ప్రమాదంలో బాలయోగి దుర్మరణం పాలయ్యారు. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళే. కోనసీమ కన్నీరు మున్నీరైంది. అదే సంవత్సరం యానాం - ఎదుర్లంకల మధ్య గౌతమిపై వంతెన ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆ వంతెన కోసం ఎంతగానో పాటుపడిన బాలయోగి దానిని చూడకుండానే కన్నుమూశారు. నేడు అది ఆయన పేరనే వ్యవహరింపబడుతున్నది. హైదరాబాదులోని గచ్చిబౌలి క్రీడాప్రాంగణానికి, ఢిల్లీలోని పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని సభామందిరానికి ఆయన పేరు పెట్టారు. అయినా పంటు కోసం గంటల తరబడి రేవులో పడిగాపులు పడిన ఊరివారికి, ఆ వంతెనకు మించిన స్మారకం మరొకటి లేదు.

అమలాపురం కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఇప్పుడది రాజ్యాంగ నిర్మాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించింది. పాలన ప్రజలకు చేరువైన కొద్దీ ప్రజల బాధ్యత పెరుగుతుంది. అయిదేళ్ళకొకసారి ఓటు వేసినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. గ్రామసభకు వెళ్ళి లెక్కలు అడగవచ్చు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ద్వారా ప్రభుత్వ కార్యాలయాల నుండి వివరాలు కోరవచ్చు. సభ్యుని ద్వారా లోక్‌సభకే అర్జీ పెట్టుకోవచ్చు. బిల్లులను పరిశీలించే పార్లమెంటు కమిటీలు ప్రజాభిప్రాయాన్ని కోరినప్పుడు తమ అభిప్రాయాన్ని రాసి పంపవచ్చు. 1989లో ఓటరు వయస్సు 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గినందువలన, జూనియర్ కళాశాల గడప దాటేనాటికే విద్యార్థులకు ఆ హక్కు చేతికందుతున్నది.

ఒక్క ఓటు ప్రభుత్వాన్ని నిలుపగలదు, పడగొట్టగలదు. అటువంటి ఓటును ఏ ప్రలోభానికీ లొంగక, ఆలోచించి వినియోగించుకోవడమే లంకసీమ బిడ్డడు బాలయోగికి యువతరం అర్పించగల నిజమైన నివాళి.