బెంజమిన్ షుల్జ్ గారు

ఆంగ్లపదముల యర్థములు వల్లించుటకే విసుగుచెందు మా ఏర్గట్ల బాలబాలికలకు ఈ మహనీయుని చరిత్రము తెలుపఁగోరెదము.

షుల్జ్ గారు 1689లో జర్మనీ దేశమున జన్మించిరి. 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో చెన్నపట్టణము చేరి, తెలుఁగు నభ్యసించిరి. అచ్చుపడిన తెలుఁగు నిఘంటువుగాని వ్యాకరణముగాని అప్పుడు లేదు. అయినను 1728లో లాటిన్ భాషలో తెలుఁగు వ్యాకరణము రచించిరి. 1732 నాటికి బైబిలును తెనిఁగించిరి. 1743లో స్వదేశమునకేగి, హాలే నగరమున తెలుఁగక్షరములతో చిన్న గ్రంథములు ముద్రింపించి, 1760లో పరలోకగతులైరి.

ఆ వ్యాకరణము 1984లోగాని అచ్చుకాలేదు. బైబిలనువాదము సంపూర్ణముగా ముద్రణ మొందనేలేదు. ఫలము చూడకయే శ్రమించిన యా పరదేశిని తలఁచుకొని, విద్యార్థులారా, రేపటి పదములను నేఁడే నేర్వుఁడు.